బంక్‌లో రోజూ పలికే ఆ పేరు ఓ మనిషిది.. రుడాల్ఫ్ డీజిల్ జీవితం, పాత కార్ల మైలేజీ వెనకున్న లెక్క

పదేళ్లు దాటిన డీజిల్ కారు ఇంట్లో ఉందంటే కంప్లైంట్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొన్నప్పుడు లీటర్‌కు వచ్చిన మైలేజీ ఇప్పుడు రావడం లేదు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే గేర్ తగ్గించాల్సి వస్తోంది. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సార్లు గింజుకుని కానీ అందుకోవడం లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక వచ్చేవాడి ముఖాన నల్ల పొగ.

అమ్మేద్దామంటే రేటు రాదు. కొత్తది తీసుకుందామంటే మారుతి లాంటి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే ఆపేసింది. దీంతో ఉన్న బండినే ఎలాగోలా కాపాడుకోవాలని చూసేవాళ్లు ఎక్కువయ్యారు. ఇంతకీ డీజిల్ ఇంజిన్‌కు అంత మైలేజీ ఎలా వచ్చింది? వచ్చింది ఎందుకు పోతుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక మనిషి జీవితంలోనే ఉంది. బంక్‌లో రోజూ వినిపించే డీజిల్ అన్న మాట ఆయన ఇంటిపేరే.

తోపుడు బండి లాగిన కుర్రాడు

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు. తండ్రి థియోడర్ తోలు సామాన్లు తయారుచేసే చిన్న వర్క్‌షాప్ నడిపేవారు. ఆ సరుకును తోపుడు బండి మీద పెట్టుకుని ఇళ్లకు చేర్చే పని కొడుకుది. ఖాళీ దొరికితే టెక్నికల్ మ్యూజియంకు పరుగెత్తేవాడు, పాత ఆవిరి యంత్రాలు చూడటానికి.

1870లో ఫ్రాన్స్‌కు, ప్రష్యాకు యుద్ధం మొదలైంది. జర్మన్లు అనే ముద్ర ఉన్న కుటుంబాలు పారిస్ వదలక తప్పలేదు. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ పూట గడవడమే కష్టం కావడంతో పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. కుర్రాడి దారి అక్కడే తేలిపోయింది. పద్నాలుగేళ్లకే ఇంజనీర్ అవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. స్కూల్లో ఫస్ట్, తర్వాత 1875లో స్కాలర్‌షిప్‌తో మ్యూనిక్ పాలిటెక్నిక్.

అక్కడ ఆయనకు పాఠం చెప్పింది కార్ల్ ఫాన్ లిండే. ఫ్రిజ్‌లు, ఐస్ ఫ్యాక్టరీల టెక్నాలజీకి ఆద్యుల్లో ఒకరు. లిండే ఒకరోజు క్లాసులో ఆవిరి యంత్రం లెక్క చెప్పారు. పొయ్యిలో వేసిన బొగ్గు వేడిలో పదో వంతు కూడా పనిగా మారడం లేదు. మిగతాదంతా పొగగొట్టంలోకి, గాల్లోకి పోతోంది. వందలో తొంభై దండగ అన్నమాట. మిగతా విద్యార్థులు రాసుకుని పేజీ తిప్పారు కానీ ఈ కుర్రాడి బుర్రలోంచి ఆ అంకె పోలేదు.

1879లో ఫైనల్ పరీక్ష టైమ్‌కు టైఫాయిడ్ పట్టుకుంది. పరీక్ష రాయలేకపోయారు. ఆ ఖాళీలో స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, 1880 జనవరిలో టాప్ మార్కులతో బయటకొచ్చారు. తర్వాత పదేళ్లకు పైగా లిండే కంపెనీలోనే ఉద్యోగం. మొదట పారిస్‌లో, 1890 నుంచి బెర్లిన్‌లో. 1883లో మార్తాతో పెళ్లి, ముగ్గురు పిల్లలు. పగలు ఐస్ మెషీన్ల పని, మిగిలిన టైమ్ అంతా ఇంజిన్ మీద. అమ్మోనియాతో నడిచే ఇంజిన్ ఒకటి ప్రయత్నిస్తే పరీక్షలో పేలుడు జరిగింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. ఆరోగ్యం, కంటిచూపు రెండూ దెబ్బతిన్నాయి.

సైకిల్ పంపు సూత్రం

డీజిల్ పట్టుకున్న సూత్రం వినడానికి చాలా సింపుల్. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది, అంతే. ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా నొక్కితే? ఆ గాలే నిప్పు అంటించేంత వేడెక్కుతుంది. అప్పుడు అందులోకి ఇంధనం చిమ్మితే స్పార్క్ ప్లగ్ లేకుండానే మండుతుంది.

పెట్రోల్ ఇంజిన్‌లో ఇది కుదరదు. అందులో గాలి, పెట్రోల్ కలిసే లోపలికి వెళ్తాయి. మరీ నొక్కితే టైమ్ రాకముందే భగ్గుమంటుంది. డీజిల్ ఆలోచనలో ముందు వెళ్లేది ఒట్టి గాలి. కాబట్టి ఎంత కావాలంటే అంత నొక్కొచ్చు. ఎంత నొక్కితే, మండిన తర్వాత వాయువు అంత ఎక్కువ వ్యాకోచించి పిస్టన్‌ను అంత ఎక్కువ దూరం నెడుతుంది. సైలెన్సర్‌లోకి పోయే వేడి తగ్గుతుంది. మైలేజీ రహస్యంలో పెద్ద వాటా దీనిదే. పైగా పెట్రోల్ ఇంజిన్‌లా గాలి దారిని తలుపు వేసి మూసే పని లేదు. బండి మెల్లగా వెళ్తుంటే ఇంధనం తగ్గిస్తే చాలు.

ఈ ఆలోచనకు 1892 ఫిబ్రవరిలో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 1893లో పుస్తకం వేశారు. అందులో ఆయన వేసిన లెక్క 70 శాతానికి పైగా ఎఫిషియెన్సీ. ఒత్తిడి 250 అట్మాస్ఫియర్లు. అప్పటి ఇనుముతో, అప్పటి లేత్ మెషీన్లతో అది అయ్యే పని కాదు. ఇంజనీర్లు పెదవి విరిచారు. నిజం చెప్పాలంటే వాళ్ల అనుమానం తప్పేం కాదు. పేటెంట్‌లో రాసినట్టే కట్టి ఉంటే ఆ ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికే సరిపోయేది కాదు. డీజిల్ గొప్పతనం ఏమిటంటే, తన లెక్క ఎక్కడ తప్పిందో తనే గుర్తించి, ఒత్తిడి తగ్గించి, మండే పద్ధతి మార్చేశారు. ఆగ్స్‌బర్గ్ మెషీన్ ఫ్యాక్టరీ అధిపతి హైన్రిక్ ఫాన్ బుజ్ ఆయన్ను నమ్మారు. క్రుప్ కంపెనీ డబ్బు పెట్టింది.

1893 ఆగస్టు 10న మొదటి పరీక్ష. ఇంజిన్ తనంతట తాను తిరగలేదు, ఫ్యాక్టరీ షాఫ్ట్‌తో తిప్పారు. ఇంధనం లోపలికి వెళ్లగానే ఒత్తిడి ఎగిసి, దాన్ని కొలిచే ఇండికేటర్ ముక్కలైపోయింది. దగ్గరున్నవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. బయటివాళ్లకు అది ఫెయిల్యూర్. డీజిల్‌కు మాత్రం సూత్రం నిజమని తేలింది, గాలి వేడికే ఇంధనం అంటుకుంది. 1894 ఫిబ్రవరి 17న రెండో ఇంజిన్ సొంతంగా తిరిగింది. ఎంతసేపు? ఒక్క నిమిషం. నిమిషానికి 88 చుట్లు.

ఆ ఒక్క నిమిషాన్ని నమ్మకమైన యంత్రంగా మార్చడానికి మరో మూడేళ్లు పట్టింది. పిస్టన్ రింగుల దగ్గర గాలి లీక్, వాల్వులు కూర్చోకపోవడం, ఇంధనం సరిగ్గా చిమ్మకపోవడం.. రోజూ ఇవే తలనొప్పులు. ఇవాళ్టి మెకానిక్ షెడ్‌లో వినిపించే లిస్టు కూడా ఇదే కదా!

26.2 శాతం

1897 ఫిబ్రవరి 17. మ్యూనిక్ నుంచి ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ వచ్చి మూడో ఇంజిన్‌ను అధికారికంగా పరీక్షించారు. ఇంధనం కిరసనాయిలు. ఎంత నూనె పోశారు, ఎంత పని వచ్చింది, రెండూ తూచి కొలిచారు. 17.8 హార్స్‌పవర్, 26.2 శాతం ఎఫిషియెన్సీ. 70 శాతం అని మొదలైన లెక్క ఇక్కడ ఆగింది. అయినా ఆవిరి యంత్రాలు పది శాతం దాటడానికే ఆయాసపడుతున్న రోజులవి. ప్రపంచంలో అంత పొదుపుగా నడిచే ఇంజిన్ ఇంకోటి లేదు. ఆ ఇంజిన్ ఇప్పుడు మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంలో ఉంది.

పాత కారు మైలేజీ ఎందుకు పడిపోతుందో ఈ పరీక్ష దగ్గరే అర్థమవుతుంది. గాలిని గట్టిగా నొక్కాలి. కావాల్సినంత గాలి రావాలి. ఇంధనం సన్నటి తుంపరలా, సరైన క్షణంలో పడాలి. ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ పోరాడింది వీటి కోసమే, లక్షా యాభై వేల కిలోమీటర్లు తిరిగిన కారు పోగొట్టుకునేదీ వీటినే.

రింగులు అరిగితే కంప్రెషన్ కారిపోతుంది. గాలి చాలినంత వేడెక్కదు. అందుకే పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్, తెల్లటి పొగ. దీన్ని ఏ బాటిల్ లిక్విడ్ పోసినా సరిచేయలేం. కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్ చూపించుకోవాలి. మెకానిక్ బోర్‌కొచ్చింది అనగానే ఇంజిన్ విప్పించేయడం కూడా తొందరపాటే. గ్లో ప్లగ్‌లు పోయినా, వాల్వ్ గ్యాప్ తప్పినా లక్షణాలు అలాగే కనిపిస్తాయి.

గాలి విషయానికొస్తే, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే పాత మెకానికల్ పంప్ ఇంజిన్‌కు ఆ సంగతి తెలియదు. ఇంధనం అంతే పోస్తుంది. మండక మిగిలింది నల్ల పొగగా పోతుంది, జేబుకు చిల్లు. కొత్త తరం ఇంజిన్‌లో కంప్యూటర్ గాలిని కొలిచి ఇంధనం తగ్గిస్తుంది. అక్కడ పొగ కన్నా ముందు పికప్ పోతుంది. మూడోది ఇంజక్టర్ నాజిల్. తుంపరకు బదులు చుక్కలు పడితే ఆ చుక్క సగం మండి మసి అవుతుంది. డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్లు తీయకపోతే నాజిల్, పంప్ రెండూ తొందరగా పాడవుతాయి.

చాలామంది పట్టించుకోనిది థర్మోస్టాట్. కొన్ని వందల రూపాయల పార్టు అది. తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. టెంపరేచర్ ముల్లు కిందే ఉంటే ఓనర్ సంతోషిస్తాడు, బండి కూల్‌గా ఉందని! మైలేజీ అక్కడే కారిపోతుంటుంది. పట్టేసిన బ్రేకులు, తగ్గిన టైర్ గాలి సంగతి చెప్పనే అక్కర్లేదు.

మిలియనీర్ నుంచి అప్పుల దాకా

1897 తర్వాత డీజిల్ ఇంట డబ్బే డబ్బు. అమెరికా హక్కులను బీర్ వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు తీసుకున్నారు. రష్యాలో ఇమాన్యుయేల్ నోబెల్ కొనుక్కున్నారు. మ్యూనిక్‌లో ఖరీదైన ఏరియాలో విల్లా లేచింది. కానీ ఇంజిన్ ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. కెంప్టెన్‌లోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి అమ్మిన ఇంజిన్ మాటిమాటికీ మొరాయించింది. కొన్నవాళ్ల ఫిర్యాదులు ఒకపక్క, ఈ ఐడియా మాది అంటూ పేటెంట్ వివాదాలు మరోపక్క. 1898లో నరాల బలహీనతతో శానిటోరియంలో చేరాల్సి వచ్చింది. ఆ తర్వాత తలనొప్పులు ఆయన్ను వదల్లేదు.

వ్యాపారం ఆయనకు అచ్చిరాలేదన్నది మర్యాదగా చెప్పే మాట. గలీసియా చమురు బావుల్లో పెట్టింది పోయింది. స్థలాల మీద పెట్టింది పోయింది. ఇంధనం చుక్క వృథా కానివ్వని మనిషి చేతిలో డబ్బు నిలవలేదు. 1903లో కార్మికులే ఫ్యాక్టరీలకు యజమానులయ్యే పద్ధతి గురించి ఒక పుస్తకం రాస్తే దాన్ని కొన్నవాళ్లు చాలా తక్కువ. ఆయన మాత్రం తన ఇంజిన్ కన్నా ఆ ఆలోచననే గొప్పగా భావించేవారు.

1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజిన్‌కు గ్రాండ్ ప్రి దక్కింది. అక్కడే ఒక చిన్న ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. నూనె మారిందని చూసేవాళ్లకు తెలియనంత మామూలుగా నడిచింది. ఊళ్లో పండే గింజలతో ఊరి ఇంజిన్ నడవొచ్చన్న సంగతిని డీజిల్ చివరి ఏళ్లలో కూడా ఉపన్యాసాల్లో చెప్పేవారు. వందేళ్ల తర్వాత ఆ మాట తెలుగు నేల మీదే కనిపించింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ గింజల నుంచి నూనె తీశారు. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే తగ్గే కార్బన్ డయాక్సైడ్ 147 టన్నులని లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మారు.

అలాగని వంటనూనె తెచ్చి ఇప్పటి కామన్ రైల్ కారులో పోస్తే మాత్రం పంప్, ఇంజక్టర్లు చేతికి రావు. చిక్కటి నూనెకు ఆ సన్నని రంధ్రాలు సరిపోవు. 1900 నాటి ఇంజిన్ వేరు.

డ్రెస్డెన్ ఓడలో ఆ రాత్రి

1912లో డెన్మార్క్ ఓడ సెలాండియా డీజిల్ ఇంజిన్లతో కోపెన్‌హాగెన్ నుంచి బ్యాంకాక్ ప్రయాణించింది. పొగగొట్టం లేని ఓడను చూసి జనం ఆశ్చర్యపోయారు. ఇంజిన్ గెలిచింది. దాన్ని తయారుచేసిన మనిషి అప్పటికే అప్పుల్లో మునిగిపోయారు.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే స్టీమర్ ఎక్కారు డీజిల్. ఇంగ్లండ్‌లో కంపెనీ మీటింగ్ ఉంది. తోటివారితో కలిసి భోజనం చేశారు. రాత్రి పది ప్రాంతంలో, పొద్దున 6.15కు లేపమని చెప్పి క్యాబిన్‌కు వెళ్లారు. పొద్దున చూస్తే క్యాబిన్ ఖాళీ. పక్క నలగలేదు. రాత్రి వేసుకునే బట్టలు తీసి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మంచం మీంచి కనిపించేలా వాచీ పెట్టి ఉంది. డెక్ వెనక రెయిలింగ్ దగ్గర ఆయన టోపీ, మడతపెట్టిన కోటు దొరికాయి. పది రోజుల తర్వాత ఒక డచ్ పడవ సిబ్బందికి సముద్రంలో మృతదేహం కనిపించింది. జేబుల్లోని వస్తువులు తీసుకుని దేహాన్ని నీళ్లకే వదిలేశారు. మాత్రల డబ్బా, పర్సు, చాకు, కళ్లద్దాల పెట్టె.. ఇవి నాన్నవేనని కొడుకు యూజెన్ గుర్తుపట్టారు.

ఏం జరిగిందన్నది ఇప్పటికీ తేలలేదు. సబ్‌మెరైన్ల రహస్యాల కోసం జర్మన్లు చంపించారని, చమురు వ్యాపారుల పని అని అప్పట్లోనే పుకార్లు పుట్టాయి. వాటికి సాక్ష్యం లేదు. డైరీలో ఆ తేదీ దగ్గర శిలువ గుర్తు గీసి ఉంది. బయల్దేరే ముందు మార్తాకు ఒక బ్యాగ్ ఇచ్చి, కొన్ని రోజుల తర్వాతే తెరవమన్నారు. తెరిస్తే అందులో నగదు, ఖాళీ అయిన ఖాతాల లెక్కలు ఉన్నాయి. ఆస్తుల కన్నా అప్పులే ఎక్కువని తేలింది. వయసు 55.

కారులోకి వచ్చింది ఆయన పోయాకే

డీజిల్ తన ఇంజిన్‌తో నడిచే కారు షోరూమ్‌లోకి రావడం చూడలేదు. ఆయన ఇంజిన్‌లో ఇంధనాన్ని చిమ్మడానికి అధిక ఒత్తిడి గాలి కావాలి. అందుకు పక్కనే పెద్ద కంప్రెసర్. అంత బరువు కారు మోయలేదు. బెంజ్ కంపెనీ ఇంజనీర్ ప్రోస్పర్ లోరాంజ్ 1909లో ప్రీ చాంబర్ పేటెంట్ తీసుకున్నారు. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంప్ ఉత్పత్తి మొదలుపెట్టింది. కంప్రెసర్ పోయింది. 1936 ఫిబ్రవరిలో బెర్లిన్ షోలో మెర్సిడెస్ 260 డి వచ్చింది. 45 హార్స్‌పవర్. ఆ సైజు పెట్రోల్ కారు వంద కిలోమీటర్లకు 13 లీటర్లు తాగితే ఇది తొమ్మిదిన్నరతో సరిపెట్టుకునేది. ముందుగా ఎగబడింది టాక్సీవాళ్లే. మన దగ్గర అంబాసిడర్ డీజిల్‌కు, తర్వాత 1998 చివర్లో వచ్చిన టాటా ఇండికాకు కూడా టాక్సీ స్టాండ్లలోనే పేరొచ్చింది.

పవర్ కథ వేరే స్విస్ ఇంజనీర్‌ది. ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో టర్బో ఆలోచనకు పేటెంట్ పొందారు. వృథాగా పోయే పొగతోనే ఫ్యాన్ తిప్పి, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టడం. గాలి ఎక్కువైతేనే ఎక్కువ ఇంధనం శుభ్రంగా మండుతుంది. స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో.. ఇన్ని కార్లలో కనిపించిన 1.3 మల్టీజెట్ ఇంజిన్‌నే చూడండి. అదే 1248 సీసీ. మామూలు టర్బోతో 75 హార్స్‌పవర్, వేరియబుల్ టర్బోతో 90.

పాత కారుకు పికప్ పెంచుతామంటూ చిప్‌లు అమ్మేవాళ్లను ఈ ఒక్క విషయం అడిగితే చాలు. ఇంధనం పెంచుతున్నారు సరే, గాలి ఎక్కడి నుంచి వస్తుంది? టర్బోలో, ఇంటర్‌కూలర్‌లో మిగులు ఉంటే కొంత వరకు ఫలితం ఉంటుంది. టర్బో పైపు చీలి, ఈజీఆర్ వాల్వ్ మసితో బిగుసుకుపోయిన బండికి చిప్ పెడితే వచ్చేది నల్ల పొగ, కాలిపోయే క్లచ్ ప్లేట్. చాలా కార్లలో పోయిన పికప్ ఆ చీలిన రబ్బర్ పైపు మార్చగానే తిరిగొస్తుంది. పని పూర్తయ్యాక ష్రోటర్ చేసినట్టే కొలవాలి. డాష్‌బోర్డ్ మీద అంకె కాదు, ఒకే బంక్‌లో ట్యాంక్ ఫుల్ చేయించి, కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఫుల్ చేయించి భాగించాలి. రిపేర్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

డీజిల్‌కు సమాధి లేదు. ఆయన చదువుకున్న ఆగ్స్‌బర్గ్‌లో మాత్రం ఒక రాళ్ల తోట ఉంది. పొలాల్లో వాడే చిన్న డీజిల్ ఇంజిన్లతో ఎదిగిన జపాన్ కంపెనీ యాన్మార్ వ్యవస్థాపకుడు మగోకిచి యమవోకా 1957లో దాన్ని ఆ నగరానికి కానుకగా ఇచ్చారు.